బార్బీ బొమ్మలతో కారెన్ కార్పెంటర్ కథ: హక్కులు లేక ఆగిపోయిన 43 నిమిషాల సినిమా

‘సూపర్‌స్టార్: ది కారెన్ కార్పెంటర్ స్టోరీ’ 1987లో వచ్చింది. నిడివి 43 నిమిషాలు, తీసింది 16 ఎంఎం ఫిలిం మీద. దర్శకుడు టాడ్ హేన్స్ అప్పటికి ఇంకా పెద్దగా ఎవరికీ తెలియదు, న్యూయార్క్ రాష్ట్రంలోని బార్డ్ కాలేజీలో చదువుకుంటున్నాడు. స్క్రిప్టు సింథియా ష్నైడర్‌తో కలిసి రాసుకున్నాడు. కథ కల్పితం కాదు. 1970లలో అమెరికా రేడియోను ఏలిన ‘కార్పెంటర్స్’ అన్నాచెల్లెళ్ల జోడీలో చెల్లెలు కారెన్. అనొరెక్సియా నెర్వోసాతో (లావవుతామన్న భయంతో తిండి మానేసే మానసిక జబ్బు) ఏళ్ల తరబడి చిక్కి శల్యమై, 1983 ఫిబ్రవరి 4న కాలిఫోర్నియాలోని డౌనీలో, తల్లిదండ్రుల ఇంట్లోనే కుప్పకూలిపోయింది. వయసు 32. నాలుగేళ్లు తిరిగేసరికి ఈ సినిమా వచ్చింది. అప్పటికి అమ్మా నాన్నా అన్నా అందరూ బతికే ఉన్నారు. తెర మీద వాళ్ల పాత్రలు వేసింది బార్బీ తరహా బొమ్మలు.

ఈ మాట వినగానే చచ్చిపోయిన మనిషి మీద కుళ్లు జోకేమో అనిపిస్తుంది. మొదటి పది నిమిషాలు నవ్వు వస్తుంది కూడా. గొంతుల్లో కావాలని పెట్టిన టీవీ సీరియల్ బాణీ, ఉలుకూ పలుకూ లేని ప్లాస్టిక్ మొహాలు, బొమ్మల ఇంటి సోఫాలు చూసి హాల్లో జనం నవ్వేలాగే తీశాడు. ఆ తర్వాత నవ్వు ఆగిపోతుంది. ఎక్కడ ఆగిందో చూసేవాళ్లకు తెలియదు, అంత నెమ్మదిగా జరుగుతుంది. మన తోలుబొమ్మలాట తెలిసినవాళ్లకు ఇది కొత్త కాదు. బంగారక్క, కేతిగాడు వచ్చినప్పుడు పగలబడి నవ్విన జనమే, కనురెప్ప కూడా కదలని సీత బొమ్మ కోసం కళ్లు తుడుచుకుంటారు. హేన్స్ పట్టుకున్నది సరిగ్గా ఈ గుట్టే. మొహం కదలకపోతే భావాన్ని చూసేవాడే నింపుకోవాలి.

పనితనం దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ సినిమా బలం సగం అక్కడే ఉంది. ఇది స్టాప్ మోషన్ కాదు. ఒక్కో ఫ్రేముకూ బొమ్మను కొంచెం కొంచెం జరిపి తీసింది కాదు. ఫ్రేము కింద నుంచో పక్క నుంచో చేత్తో కదిలిస్తూ నేరుగా తీశారు. అందుకే బొమ్మలు అక్కడక్కడా తడబడతాయి, వణుకుతాయి. కథ ముందుకు పోయేకొద్దీ కారెన్ బొమ్మలో ఆ వణుకు నీరసంలా కనిపిస్తుంది.

బార్బీ ఎత్తు పదకొండున్నర అంగుళాలు, దాదాపు 29 సెంటీమీటర్లు. అంటే మనిషిలో ఆరో వంతు. సెట్టులో ప్రతిదీ ఆ లెక్కకే రావాలి. పన్నెండు అడుగుల గది రెండడుగులు అవుతుంది, ఏడడుగుల తలుపు పద్నాలుగు అంగుళాలు అవుతుంది. పన్నెండు సెంటీమీటర్ల మందు సీసా రెండు సెంటీమీటర్లకు దిగుతుంది. దాని లేబుల్ మీద మూడు మిల్లీమీటర్ల అక్షరం అర మిల్లీమీటరుకు రావాలి. హేన్స్ బృందం ఆ లేబుళ్లను కూడా వదల్లేదు. డౌనీ ఇల్లు, సెంచురీ సిటీలో కారెన్ ఫ్లాటు, రెస్టారెంట్లు, రికార్డింగ్ స్టూడియో అన్నిటికీ విడివిడిగా చిన్న సెట్లు కట్టి, మందుల పెట్టెలకూ సీసాలకూ పేర్లతో సహా లేబుళ్లు వేశారు. ఒక క్లోజప్‌లో మందు సీసా తెరంతా నిండుతుంది. అప్పటిదాకా ఆటవస్తువుల్లా కనిపించిన సామాను ఆ ఒక్క షాటుతో భయపెడుతుంది. లేబుల్ ఉత్త తెల్ల కాగితమై ఉంటే ఆ షాటు పండేది కాదు.

బొమ్మలతో తీయాలనుకునే మన కుర్రాళ్లు గమనించాల్సిన సంగతి ఒకటుంది. కెమెరాను బొమ్మకు ఒక అడుగు దూరంలో పెట్టి లెన్స్ పూర్తిగా తెరిస్తే కళ్లు మాత్రమే ఫోకస్‌లో ఉంటాయి, చెవులు మసకబారతాయి. ఆ మసకే ఇది బొమ్మ అని చెప్పేస్తుంది. గదిలా కనిపించాలంటే లెన్స్ రంధ్రాన్ని ఎఫ్ 8, ఎఫ్ 11 దాకా మూయాలి (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నదవుతుంది), ఆ లోటు పూడ్చడానికి లైట్లు బాగా పెంచాలి. పాత పసుపు బల్బులు దగ్గర పెడితే వినైల్ మెత్తబడుతుంది, నున్నటి మొహం మీద మెరుపు మచ్చ పడుతుంది. 16 ఎంఎం ఫ్రేము చిన్నది కాబట్టి ఫోకస్ లోతు సహజంగానే ఎక్కువ, అది ఈ సినిమాకు కలిసొచ్చింది. ఇప్పుడు పెద్ద సెన్సారున్న ఫుల్‌ఫ్రేమ్ కెమెరాతో తీస్తే అదే షాటు మరింత కష్టం. చిన్న సెన్సారున్న ఫోన్‌తో తీస్తే సులువు. బట్టలతో ఇంకో చిక్కు వస్తుంది. మనిషి చీరకో చొక్కాకో వాడే గుడ్డను బొమ్మకు కుడితే మడతలు దుప్పట్లలా లావుగా నిలబడతాయి. పల్చని, నేత కనపడని గుడ్డ కావాలి.

అన్నిటికన్నా బలమైన పని కత్తితో చేసింది. జబ్బు ముదిరేకొద్దీ కారెన్ బొమ్మ మొహాన్నీ చేతుల్నీ హేన్స్ చెక్కుతూ పోయాడు. నున్నగా ఉండాల్సిన బుగ్గ మీద కోతల గీతలు, గరుకు, గుంతలు తేలతాయి. మేకప్‌తో కళ్ల కింద నలుపు పూసి ‘చిక్కిపోయింది’ అని చెప్పే మామూలు సినిమా పద్ధతికీ దీనికీ పోలికే లేదు. చెక్కిన ప్లాస్టిక్ తిరిగి పెరగదు. కాబట్టి ఇలాంటి షూటింగులో సీన్లను జబ్బు వరుసలో తీయాలి, లేదా ఒక్కో దశకు ఒక్కో బొమ్మ సిద్ధంగా ఉంచుకోవాలి. ఇదే పనిలో అర్థం కూడా దాగి ఉంది. ఏ ఆడపిల్లకూ రాని నడుము కొలతలతో తయారై, అందానికి నమూనాగా ప్రతి ఇంట్లోకీ వచ్చిన బొమ్మ బార్బీ. ఆ బొమ్మనే తీసుకుని, ఆ నమూనా వెంట పడితే శరీరం ఏమవుతుందో దాని మీదే చెక్కి చూపించాడు. వ్యంగ్యం అంటే ఇది. డైలాగుల్లో వెటకారం పెట్టడంతో పని అయిపోదు.

హేన్స్ మూడు రకాల సినిమాలను ఒకదానిలో ఒకటి కలిపాడు. మొదటిది తారల జీవితాల మీద వచ్చే టీవీ మెలోడ్రామా. రెండోది మ్యూజిక్ డాక్యుమెంటరీ, ఇందులో నిజమైన మనుషులు కెమెరా ముందు కూర్చుని కార్పెంటర్స్ పాటల గురించి మాట్లాడతారు. మూడోది స్కూళ్లలో చూపించే ఆరోగ్య పాఠాల ఫిలిం. ‘అనొరెక్సియా అంటే ఏమిటి’ అని గంభీరమైన గొంతు వివరిస్తుంటే తెర మీద సూపర్ మార్కెట్ అరలు, తిండి పొట్లాలు, వాటి మీద అక్షరాలు పరుగెడతాయి. గొంతు ఒకటి చెబుతుంటే అక్షరాలు ఇంకొంచెం లోతైన మాట చెబుతాయి. అనొరెక్సియాను శరీరం మీద నడిచే నియంతృత్వంగా, నియంతా బాధితురాలూ ఒకే మనిషిగా వివరించే భాగం ఈ అక్షరాల్లోనే ఉంది. సినిమాకు గుండెకాయ అదే. చాలామంది దాన్ని చదవకుండానే సినిమా అయిందనిపించుకుంటారు.

వీటి మధ్యలో వియత్నాం బాంబు దాడులు, అప్పటి అమెరికా అధ్యక్షుడు నిక్సన్, టీవీ తునకలు వచ్చిపోతాయి. కార్పెంటర్స్ 1973లో నిక్సన్ హయాంలో వైట్‌హౌస్‌లో పాడారు. దేశం యుద్ధంతో, నిక్సన్‌ను గద్దె దింపిన వాటర్‌గేట్ కుంభకోణంతో కుళ్లిపోతున్న రోజుల్లో ‘మంచి పిల్లలు, మంచి కుటుంబం’ అన్న బొమ్మను ఈ అన్నాచెల్లెళ్ల మీద అతికించి అమ్మారు. వ్యంగ్యం గురి ఆ అమ్మకం మీద. కారెన్ ఆకలి మీద ఒక్క జోకు కూడా లేదు. అందుకే ఈ సినిమాను నిలబెట్టి సమర్థించవచ్చు.

ఇక పాటల సంగతి. ‘క్లోజ్ టు యు’, ‘వియ్‌వ్ ఓన్లీ జస్ట్ బిగన్’, ‘రెయినీ డేస్ అండ్ మండేస్’, ‘సూపర్‌స్టార్’ వంటివి కారెన్ గొంతులోనే, అసలు రికార్డింగులతోనే వినిపిస్తాయి. బొమ్మ మొహం వెనక ఆ నిండైన, మంద్ర స్థాయి గొంతు వినిపించగానే ప్లాస్టిక్ మరిచిపోతాం. అదే పాటలు ఇంకొకరితో పాడిస్తే సినిమా ఉత్త ఆటగా మిగిలిపోయేది. ప్రాణం ఆ గొంతులో ఉంది. సినిమాను పడగొట్టిందీ ఆ గొంతే.

ఒక్క పాటకూ అనుమతి తీసుకోలేదు. రెండేళ్లకు పైగా ఫెస్టివల్స్‌లో, గ్యాలరీల్లో సినిమా ఆడింది, పేరు వచ్చింది. తర్వాత అన్న రిచర్డ్ కార్పెంటర్ కాపీరైట్ కింద చర్యకు దిగాడు. 1990 నాటికి సినిమాను చలామణీ నుంచి తీసేయాల్సి వచ్చింది. క్లినిక్కుల్లో, స్కూళ్లలో మాత్రమే చూపిస్తానని, వచ్చిన డబ్బు కారెన్ పేరు మీద అనొరెక్సియా పరిశోధనకు నడిచే నిధికి ఇస్తానని హేన్స్ అడిగాడు. ఒప్పుకోలేదు. న్యూయార్క్‌లోని మ్యూజియం ఆఫ్ మోడర్న్ ఆర్ట్ దగ్గర ఒక ప్రింటు ఉంది, కానీ కార్పెంటర్ల పక్షంతో ఉన్న ఒప్పందం వల్ల దాన్ని ప్రదర్శించరు.

ఇక్కడ గమనించాల్సింది ఏమిటంటే, ‘మా కుటుంబాన్ని చెడ్డగా చూపించారు’ అన్న ఫిర్యాదు ఎంత బలంగా ఉన్నా, సినిమాను ఆపింది ఆ ఫిర్యాదు కాదు, పాటల హక్కులు. ఒక్కో పాటలో రెండు వేర్వేరు హక్కులుంటాయి. బాణీ, సాహిత్యం రాసినవాళ్లది ఒకటి, రికార్డింగుది ఒకటి. ‘క్లోజ్ టు యు’ బర్ట్ బకారక్, హాల్ డేవిడ్‌లది. ‘వియ్‌వ్ ఓన్లీ జస్ట్ బిగన్’ రోజర్ నికల్స్, పాల్ విలియమ్స్‌లది. ‘టాప్ ఆఫ్ ది వరల్డ్’ రిచర్డ్ స్వయంగా జాన్ బెటిస్‌తో కలిసి రాసుకున్నది. రికార్డింగులు ఏ అండ్ ఎం అనే రికార్డుల కంపెనీ నుంచి వచ్చినవి. అంటే ఒక్క సినిమాకు నలుగురైదుగురి దగ్గర సంతకాలు కావాలి, అందులో ఒక్కరు కాదన్నా పని ఆగిపోతుంది. ఎవరినైతే విమర్శిస్తున్నావో ఆ మనిషి సంతకమే కావాల్సి వచ్చినప్పుడు దొరుకుతుందన్న ఆశ పెట్టుకోకూడదు. పేరడీకి కొంత రక్షణ ఉంటుందని అమెరికా సుప్రీంకోర్టు 1994లో చెప్పింది. అయినా పాటను ఎగతాళి చేసే పేరడీ వేరు, పాటను ఉన్నదున్నట్టు వాడుకుని వేరే విషయాన్ని విమర్శించడం వేరు. ఈ సినిమా చేసింది రెండోది.

తెలుగులో పేపర్లకెక్కిన కుటుంబ విషాదాల మీద షార్ట్ ఫిలింలు తీసేవాళ్లు తక్కువేమీ లేరు కాబట్టి మన చట్టం సంగతీ చెప్పుకోవాలి. 1957 కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్ విమర్శకు, సమీక్షకు, వార్తలకు మినహాయింపు ఇస్తుంది. పేరడీ, వ్యంగ్యం అనే మాటలు అందులో లేవు. సౌండ్ రికార్డింగు మీద హక్కు విడుదలైన తర్వాత 60 ఏళ్లు ఉంటుంది. పరువు నష్టం విషయంలో మన చట్టం అమెరికా కన్నా కఠినం. చనిపోయిన మనిషి గురించి, బతికుంటే పరువు పోయేలాంటి మాట, కుటుంబాన్ని బాధపెట్టాలనే ఉద్దేశంతో అంటే అదీ నేరమే కావచ్చు. పాత ఐపీసీ 499లో ఉన్న ఆ వివరణే ఇప్పుడు భారతీయ న్యాయ సంహిత 356లో ఉంది. ‘పోయినవాళ్లు కేసు పెట్టలేరుగా’ అన్న ధీమా ఇక్కడ చెల్లదు.

లోపాలు ఉన్నాయి, చిన్నవి కావు. తల్లి ఆగ్నెస్ పాత్రను దాదాపు రాక్షసిలా మలిచారు. కూతుర్ని గుప్పిట్లో పెట్టుకున్న తల్లి, అందుకే ఈ జబ్బు అన్నట్టు కథ మొగ్గుతుంది. 1980లలో వైద్యుల్లోనే చాలామంది అలా ఆలోచించేవాళ్లు, నిజమే. కానీ ఆ లెక్క సరైంది కాదు. అనొరెక్సియాలో వంశపారంపర్య కారణాలకు పెద్ద పాత్ర ఉందని ఇప్పుడు తెలుసు. మానసిక జబ్బుల్లో ప్రాణాలు బాగా తీసేవాటిలో ఇదొకటి. లండన్ మాడ్స్‌లీ ఆసుపత్రిలో అదే 1980లలో రూపుదిద్దుకున్న వైద్యం తల్లిదండ్రులను ముద్దాయిలుగా చూడదు, కోలుకునే పనిలో భాగస్వాములను చేస్తుంది. సినిమా చూసి ‘తల్లే చంపింది’ అనుకుంటూ లేచేవాళ్లకు ఈ సంగతి ఎవరో ఒకరు చెప్పాలి. అన్న రిచర్డ్ వ్యక్తిగత జీవితం మీద విసిరిన సూచనలు ఇంకా అన్యాయం. కథకు వాటితో పనేమీ లేదు, బతికున్న మనిషిని గిల్లడం తప్ప.

నాజీ శిబిరాల్లో శవాల ఫుటేజీని మెరుపులా చూపించడం కూడా నాకు మింగుడుపడదు. నియంతృత్వం అన్న పోలికను తెర మీద చూపించాలన్న ఉద్దేశం అర్థమవుతుంది. కానీ ఆ శవాలు ఎవరివో వాళ్లకూ పేర్లున్నాయి, కుటుంబాలున్నాయి. కారెన్ పట్ల మర్యాద పాటించిన సినిమా వాళ్ల విషయంలో ఆ మర్యాద మరిచిపోయింది. ఆ పోలికను అక్షరాలకే వదిలేస్తే సరిపోయేది. ఇంకో లోటు ఏమిటంటే, కారెన్ మొదట డ్రమ్మర్, ఆ పైన గాయని. తనని తాను అలాగే చెప్పుకునేది. డ్రమ్స్ మీద ఆమె పట్టు సినిమాకు పెద్దగా పట్టలేదు. బాధితురాలిగా తప్ప పనిమంతురాలిగా ఆమె తెర మీద నిలవదు.

చూడాలనుకునేవాళ్లకు నాలుగు మాటలు. చట్టబద్ధంగా డీవీడీ లేదు, ఓటీటీలో లేదు. చలామణీలో ఉన్నవన్నీ పాత వీడియో టేపుల్లో, అంటే వీహెచ్‌ఎస్ నుంచి వీహెచ్‌ఎస్‌కు, అక్కడి నుంచి కంప్యూటర్‌కు ఎక్కిన దొంగ కాపీలు. ఆన్‌లైన్‌లో కనిపిస్తాయి, తీసేస్తారు, మళ్లీ కనిపిస్తాయి. టేపు నుంచి టేపుకు కాపీ తీసిన ప్రతిసారీ రంగు చెదురుతుంది, గీతలు అలుక్కుపోతాయి, శబ్దంలో హోరు పెరుగుతుంది. ఈ మసకే సినిమాకు అందం అని మురిసిపోయేవాళ్లు ఉన్నారు. నేను ఒప్పుకోను. మసకబారిన కాపీలో పోయేవి రెండే, అవే ముఖ్యం: తెర మీద పరుగెత్తే అక్షరాలు, బొమ్మ మొహం మీది కత్తి గీతలు. ఆ రెండూ కనపడని కాపీతో సినిమా మీద తీర్పు చెప్పకూడదు. నిడివి 43 నిమిషాలకు బాగా తక్కువగా ఉంటే ముక్క పోయిందని అర్థం. మొదట్లో నలుపు తెలుపులో, చేతి కెమెరాతో, తల్లి కూతురి కోసం ఇల్లంతా వెతికే భాగం ఉందో లేదో చూసుకోవాలి. అది లేకపోతే మిగతా కథ వేరుగా అర్థమవుతుంది. అక్షరాలు చదవడానికి అక్కడక్కడా ఆపుతూ చూడటంలో తప్పులేదు. పెద్ద తెర మీద మసక ఇంకా పెరుగుతుంది, లాప్‌టాప్ నయం.

సినిమాకు ముందు కార్పెంటర్స్ పాటలు నాలుగైదు విడిగా వినండి. రేడియోలో ఈ గొంతు జనానికి ఎందుకు అంత నచ్చిందో తెలియకుండా చూస్తే సగం పోతుంది. కారెన్ సొంతంగా, నిర్మాత ఫిల్ రామోన్‌తో 1979, 80లలో చేసిన ఆల్బమ్‌ను అప్పట్లో పక్కన పెట్టేశారు, 1996లో గానీ విడుదల కాలేదు. ‘వాళ్లు చెప్పినట్టు నడిచిన అమ్మాయి’ అన్న సినిమా బొమ్మకు ఆ ఆల్బమ్ మంచి జవాబు.

తిండితో, బరువుతో ఇబ్బంది పడుతున్నవాళ్లు, ఇటీవలే కోలుకున్నవాళ్లు ఈ సినిమా ఒంటరిగా చూడొద్దు. అసలు చూడకపోయినా నష్టం లేదు. మందుల క్లోజప్పులు, బరువు గురించిన మాటలు అందులో సూటిగా ఉన్నాయి. అనొరెక్సియా ఉన్నవాళ్లకు అలాంటివి భయం బదులు పోటీ పుట్టించే ప్రమాదం ఉంది. ఇంట్లో ఎవరికైనా ఆ లక్షణాలు కనిపిస్తే వాళ్లకు ఈ సినిమా చూపించి బెదిరించే ప్రయత్నం అస్సలు చేయకండి, డాక్టరుకు చూపించండి. మన దేశంలో ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416, తెలుగులోనూ మాట్లాడతారు.

సినిమా తీసే పనిలో ఉన్నవాళ్లు మాత్రం రెండుసార్లు చూడాలి. ఒకసారి మామూలుగా, రెండోసారి శబ్దం ఆపేసి. రెండోసారి చూస్తే కెమెరా ఎత్తు అర్థమవుతుంది. చాలా షాట్లలో అది బొమ్మ కళ్ల ఎత్తులోనే ఉంటుంది, పైనుంచి ఆటవస్తువును చూసినట్టు ఉండదు. సెట్టు టేబుల్ మీద కట్టుకోవాలి, నేల మీద కాదు. కెమెరాను ఆ ఎత్తుకు దింపడానికి అదే తేలిక మార్గం.